నుదుటి దాకా వచ్చిన పిలుపు

అక్క ఇంట్లోంచి బరువు వెళ్ళిపోయింది. ఎవరూ తరమలేదు, ఎవరూ ఎత్తుకుపోలేదు. శ్రావణ శుక్రవారం పొద్దున్న వకుళ గుమ్మంలో చెప్పులు విడిచేసరికి, అక్క హైమ కిటికీ ఎత్తున గాలిలో మఠం వేసుకుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. తీసిన ఈనెలు కింద పడకుండా ఆవిడ చుట్టూ నెమ్మదిగా తిరుగుతున్నాయి. బావగారు సీలింగుకి వీపు ఆనించి పేపరు చదువుకుంటున్నారు. తగులుతుందేమోనని ఫ్యాను కట్టేశారు. జాగ్రత్త గల మనిషి.

"రావే వకుళా," అంటుంది అక్క. "కాఫీ ఇద్దామంటే గ్లాసులో నిలవట్లేదు. ఉండలుండలుగా లేచిపోతోంది. నోరు తెరుచుకుని దాని వెనకాల పడితే తాగొచ్చు. మీ బావ అలాగే తాగారు."

వకుళ లోపలికి నడుస్తుంది. నడవడం అనేది ఇక్కడ గమనించాల్సిన సంగతి. ఆ ఇంట్లో పాదం నేలకి ఆనుతున్నది ఆమెదొక్కటే. తన అడుగుల చప్పుడు తనకే ఎబ్బెట్టుగా వినిపిస్తుంది.

"నువ్వెలా నడుస్తున్నావే?" అక్క ఈనె తీయడం ఆపి అడుగుతుంది.

"అలవాటక్కా."

అబద్ధం. ఆ అబద్ధానికి కూడా కొంత తూకం ఉన్నట్టుంది, కాలి కింద గచ్చు సన్నగా చిట్లుతుంది. వకుళ కుచ్చిళ్ళు ఆ పగులు మీదికి జరుపుకుని నిలబడుతుంది.

సంగతేమిటంటే, వకుళ ఒక పరిశోధనశాలలో నెత్తురులోని తెల్ల కణాల మీద పని చేస్తుంది. ఒంటికి కాపలా కాసే కణాలవి. రోగం చొరబడితే ఒక కణం ఇంకో కణాన్ని తాకి కబురు చెప్తుంది. ఆ కబురు పైపొర దగ్గర్నుంచి లోపలికి పాకి నడిబొడ్డు దాకా చేరితేనే ఆ కణం లేస్తుంది, పోట్లాటకి దిగుతుంది. భూమిని విడిచి ఆకాశంలోకి వెళ్ళినవాళ్ళ ఒంట్లో ఆ కబురు దారిలోనే ఆగిపోతోంది. ఎక్కడ ఆగుతోందో చూడడానికి వకుళ వాళ్ళ దగ్గర ఒక యంత్రం ఉంది. అది ఒక చిన్న సీసాని అన్ని వైపులకీ అలా తిప్పుతూనే ఉంటుంది, లోపలి కణాలకి కింద ఏదో పైన ఏదో తెలియకుండా. ఆ సీసాలో ఇప్పుడు తిరుగుతున్న రక్తం అక్కది.

నెత్తురు ఇస్తానన్న మనిషి రాకపోతే వకుళ అక్కకి ఫోన్ చేసింది. అక్క పూజ మధ్యలో వదిలి, మంచినీళ్ళయినా ముట్టకుండా ఆటో ఎక్కి వచ్చేసింది. "చీమ కుట్టినంతే," అని వకుళ సూది గుచ్చింది. "దీన్నేం చేస్తావే?" అని అక్క అడిగింది. "ఏం చెయ్యం. ఊరికే చూస్తాం," అంది వకుళ. అక్క నమ్మింది. చెల్లెలు ఏం చెప్పినా నమ్మడం ఆవిడకి చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బు.

ఇప్పుడు ఆ మాటే వకుళ కాళ్ళని నేలకి అదిమి పెడుతోంది. ఆమెకి ఆ సంగతి తెలుసు.

హాల్లో దివాన్ మీద ఒకాయన కూర్చుని ఉన్నాడు. దివాన్‌కి బెత్తెడు పైన అనుకోండి. ఇస్త్రీ లాల్చీ, నున్నగా దువ్విన తల, జేబులో ఎర్రసిరా పెన్ను.

"ఎవరక్కా ఆయన?"

"అటక మీద పడుకునే చుట్టం లేడూ? నా రెండో క్లాసులో ఆటలమ్మ పోసినప్పుడు వచ్చాడు. ఒళ్ళంతా చుక్కలు పెట్టాడు. అది తగ్గాక వెళ్ళడానికి బద్ధకించి అటకెక్కి ముసుగు తన్నాడు. ఇన్నాళ్ళూ ఉన్నాడన్న ధ్యాసే లేదు నాకు. పొద్దున్న చూస్తే తేలుకుంటూ వచ్చేశాడు."

"నమస్కారమండీ," అంటాడు చుట్టం. "ఎవరూ వద్దనలేదు. వద్దననప్పుడు రావడమే కదా మర్యాద."

అతను అక్క వెనక్కి చేరి, పెన్ను మూత తీసి, వీపు నడిమి నుంచి నడుం మీదుగా చుక్కలు పెట్టడం మొదలెడతాడు. ముగ్గులు పెట్టే ఆడవాళ్ళకి కూడా అంత తిన్నగా రాదు. చుక్క పడ్డ చోటల్లా చర్మం ఎర్రగా పొంగుతుంది. అక్క పెదవి కొరుక్కుంటుంది.

"మంటగా ఉందా అక్కా?"

"నిప్పు పెట్టినట్టుందే. ఏమందాం చెప్పు, చుట్టమాయె."

"నడుం చుట్టూ తిప్పి మొదటి చుక్కలో కలిపేస్తే నా పని అయిపోతుంది," అంటాడు చుట్టం, పని మీంచి చూపు తిప్పకుండా. "ఈవిడ పనీ అయిపోతుంది. తరవాత ఈ ఇల్లు నాది. సున్నం వేయించాలి."

వకుళ గుండె జారిపోతుంది. అది జారడం కిందికే జారుతుంది, ఆమెకింకా కింద అనేది ఉంది కాబట్టి.

వంటింటి వెనక తలుపు తీస్తే ల్యాబు. ఎప్పుడూ అక్కడే ఉన్నట్టు ఉంది. ట్యూబులైటు కింద యంత్రం తిరుగుతోంది, మధ్యలో వేలెడంత సీసా, అందులో అక్క. పక్కన స్టూలు మీద పినాకపాణి గారు కూర్చుని గ్రాఫు కాగితాన్ని మురిపెంగా చూసుకుంటున్నారు. ఆయన వకుళకి పై అధికారి.

"యంత్రం ఆపేస్తానండీ," అంటుంది వకుళ. "మా అక్కకి బాగాలేదు."

"ఆపమ్మా, నేనెందుకు కాదంటాను? స్విచ్చి నీ దగ్గరే ఉంది. కాకపోతే చూడు, ముత్యాల్లా వస్తున్నాయి ఫలితాలు. కబురు పైపొరకి తగులుతోంది, లోపలికి దిగట్లేదు. ఎక్కడ తెగుతోందో ఇంకొక్క రీడింగ్‌తో తేలిపోతుంది. ఎవరికీ దొరకనిది నీకు దొరుకుతుంది."

వకుళ వెంటనే స్విచ్చి నొక్కేసిందని చెప్పగలిగితే ఎంత బాగుండేది! నొక్కదు. వేలు స్విచ్చి మీద పెట్టి, కళ్ళు గ్రాఫు మీద పెట్టి నిలబడుతుంది. తలుపవతల అక్క మూలుగు వినిపిస్తూనే ఉంటుంది. ఒక్క రీడింగే కదా అనుకుంటుంది. ఆ గీత మెల్లగా, అందంగా కిందికి వంగుతుంది. ఆమెకి సంతోషం వేస్తుంది. నిజంగానే వేస్తుంది, అదే తలవంపులు.

రీడింగ్ వచ్చాక నొక్కుతుంది. యంత్రం ఆగుతుంది. సీసా నిలబడుతుంది.

"హమ్మయ్య," అని పినాకపాణి గారు గ్రాఫు మడిచి జేబులో పెట్టుకుంటారు. "సీసా ఆగింది. ఇల్లు ఆగుతుందని మాత్రం నేననలేదు. కిందేదో ఒకసారి మరిచిపోయాక, స్విచ్చి చెప్తే మాత్రం దానికి గుర్తొస్తుందా?"

వకుళ వెనక్కి పరిగెత్తుతుంది. ప్రతి అడుగుకీ గచ్చు పగులుతుంది. చుక్కల వరస అక్క కుడి పక్క దాటి పొట్ట మీదికి వచ్చేసింది. బావగారు సీలింగు దగ్గర పేజీ తిప్పుతున్నారు. ఈనెలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. బరువు రాలేదు.

ఇక మిగిలింది నడవాలోని ఆడవాళ్ళు. హాలు దాటితే పొడుగాటి నడవా, అటూ ఇటూ గదులు, గదికొక ఆవిడ, అందరికీ మీగడ రంగు పట్టుచీరలు. వీళ్ళంతా హైమకి కాపలా. ఇంట్లోకి ఏ పీడ వచ్చినా వెళ్ళి దాని సంగతి చూసేది వీళ్ళే. కానీ పిలవందే గుమ్మం దాటరు. పిలవడమంటే పేరంటానికి పిలిచినట్టు గడప దాకా వెళ్ళి, బొట్టు పెట్టి, నోరారా రమ్మనాలి. దూరం నుంచి కేకేస్తే వాళ్ళకది పిలుపు కాదు. ఒంట్లో కణాలకీ అంతే, తాకి చెప్పాలి. వకుళ ఈ సంగతి చదువుకుంది, పాఠం కూడా చెప్పింది.

దేవుడి గూట్లోంచి కుంకుమభరిణె తీసుకుని ఆమె నడవాలోకి దిగుతుంది. ఆమె నడుస్తున్నకొద్దీ నడవా పొడుగవుతుంది. అది సహజమే, ఒక మనిషిని కాపాడడానికి చాలామంది కావాలి.

మూత తియ్యగానే కుంకుమ పొగలా లేస్తుంది. దాన్ని గాలిలోనే వేలికి అద్దుకుని, మొదటి గుమ్మంలో తేలుతున్న ఆవిడ నుదుటి మీద గట్టిగా అదుముతుంది.

"పిన్నిగారూ, హాల్లోకి రండి. అటక మీది చుట్టం దిగాడు. అక్కని చంపేస్తున్నాడు."

"అయ్యయ్యో! అంతకన్నానా? పద తల్లీ, వస్తున్నా," అంటుంది ఆవిడ ఎంతో ఆప్యాయంగా.

రెండో గుమ్మం, మూడో గుమ్మం, ఆ పై గుమ్మాలు. అందరూ బొట్టు పెట్టించుకుంటారు. అందరూ అయ్యో అంటారు. "నువ్వు నడుస్తూ ఉండమ్మా, నీ వెనకాలే వస్తాం" అంటారు. వకుళ నడవా చివరికి పోయి వెనక్కి తిరిగి చూస్తే, వరసగా ఎర్రని నుదుళ్ళు, వరసగా చిరునవ్వులు. ఒక్కరు కూడా గుమ్మం దాటలేదు.

ఆఖరి గదిలో మాణిక్యాంబ గారుంటారు. అందరిలోకీ పెద్ద. మరుపనేది ఎరగని మనిషి. వకుళ ఆవిడకీ బొట్టు పెట్టి సంగతి చెప్తుంది.

"ఎర్ర పెన్ను వాడేనా? వాణ్ణి అప్పట్లో అటకెక్కించింది నేనేగా. మళ్ళీ దిగాడూ? ఎంత కండకావరం!"

"మరి రండి మాణిక్యాంబ గారూ. మీ కాళ్ళు పట్టుకుంటాను."

"రావాలనే ఉంది తల్లీ. నువ్వు పిలిచావు, నేను విన్నాను, ఒళ్ళు మండింది కూడా. కానీ నీ పిలుపు నుదుటి దాకా వచ్చి అక్కడే కూర్చుంది. అక్కణ్ణుంచి కాళ్ళకి వెళ్ళాలంటే కిందికి దిగాలి కదా? కిందంటే ఎటో దానికి తెలియట్లేదు. నా కాళ్ళకేమో కబురే లేదు. అవి నావేనా అన్నట్టున్నాయి." ఆవిడ తన పాదాలకేసి పరాయి వాళ్ళవి చూసినట్టు చూస్తుంది. "ఎవరు చేశారమ్మా ఈ పని?"

వకుళ ఆవిడ నుదుటి బొట్టుకేసి వంగి చూస్తుంది. సీసాలో తను వెతికింది ఇదే కదా, కబురు ఎక్కడ ఆగుతోందని. ఇప్పుడది కళ్ళెదురుగా, కుంకుమ రంగులో, మాణిక్యాంబ గారి రెండు కనుబొమల మధ్య ఆగి ఉంది. గ్రాఫులో అది ఎంత బాగుందో ఇక్కడ అంత భయంకరంగా ఉంది.

హాల్లో అక్క ఒళ్ళు కాలిపోతోంది. జుట్టు విడిపోయి నీళ్ళలో నాచులా ముఖం చుట్టూ ఆడుతోంది. చుక్కల వరస పొట్ట దాటి ఎడమ పక్కకి తిరిగింది. రెండు కొసల మధ్య ఇక జానెడే ఉంది.

"వకుళా, నాకేదో అవుతోందే. నువ్వు నెత్తురు తీసినప్పటి నుంచీ లోపల ఎవర్ని పిలిచినా పలకట్లేదు. దాన్నేం చేశావే?"

"ఏం చెయ్యలేదక్కా. ఊరికే చూశాం."

గచ్చు విరుగుతుంది. వకుళ చీలమండల దాకా నేలలోకి దిగబడుతుంది.

"పోనీలే," అంటుంది అక్క, కళ్ళు మూసుకుని. "నువ్వు అన్నం తిన్నావా?"

ఆ మాటకి వకుళ మోకాళ్ళ దాకా పోతుంది. ఛీ, నేనూ ఒక మనిషినేనా అనుకుంటుంది. ఏడుపొస్తుంది. ఆ ఇంట్లో కింద పడే నీళ్ళు ఆమె కన్నీళ్ళొక్కటే, టపటపా పడతాయి.

చుట్టం పెన్ను ఆపి అటుకేసి చూస్తాడు. మొదటిసారి అతని ముఖంలో ఇబ్బంది కనిపిస్తుంది. "ఇంత బరువు ఎక్కడిదండీ మీకు? దయచేసి అవతలికి వెళ్ళండి. చుక్కలు వంకర పోతున్నాయి."

అప్పుడు వకుళకి తడుతుంది. ఈ ఇంట్లో మిగిలిన బరువంతా తన దగ్గరే ఉంది. ఇన్నాళ్ళూ దాన్ని దాచుకోవడమే చేసింది, పంచొచ్చని తోచలేదు. పిలుపు పై నుంచి దిగలేకపోతే, కింద నుంచే ఎక్కించాలి.

నేలలోంచి కాళ్ళు పీక్కుని, పూజ గదిలో పసుపు గిన్నె అందుకుంటుంది. ఆమె చేతులు తగలగానే గాలిలో తేలుతున్న గిన్నె బరువెక్కి చేతిలో కుదురుకుంటుంది. నీళ్ళ ఉండ ఒకదాన్ని పట్టి అందులో చిదుముతుంది. పసుపు ముద్దవుతుంది. పేరంటంలో కాళ్ళకి పసుపు రాయడం, వచ్చిన ముత్తయిదువకి చేసే మర్యాద. ఇంకా రానివాళ్ళ గడపకే వెళ్ళి ఎవరూ రాయరు. వకుళ వరస తప్పిస్తుంది. వేరే దారి లేదు మరి.

మాణిక్యాంబ గారి గుమ్మంలో మోకాళ్ళ మీద కూలబడి, తేలుతున్న పాదాలు రెండూ పట్టుకుంటుంది. మంచులా ఉంటాయవి.

"నేనే చేశానండీ," అంటుంది. "ఊరికే చూడలేదు. కింద తెలియకుండా తిప్పాను. అక్క మూలుగుతుంటే వింటూ ఇంకొక్క రీడింగ్ తీసుకున్నాను. నాకు సంతోషం కూడా వేసింది."

అంటూ మడమ నుంచి వేళ్ళ దాకా పసుపు రాస్తుంది. తన అరచేతుల్లోంచి ఏదో దిగిపోవడం ఆమెకి తెలుస్తుంది. మాణిక్యాంబ గారి పాదాలు ఒక్కసారి ఉలిక్కిపడి, ధబ్బుమని నేలకి ఆనుతాయి.

"అమ్మో," అంటుంది ఆవిడ. "వచ్చింది కబురు." పమిట బిగించి దోపుకుని, ఇంకో మాట లేకుండా హాలు వైపు నడుస్తుంది.

పక్క గుమ్మంలో మళ్ళీ అదే మాట, అదే పసుపు. చెప్పిన ప్రతిసారీ సిగ్గు కొత్తగానే వేస్తుంది. కొందరు అయ్యో తల్లీ అంటారు, ఒకావిడ ఛీ అని ముఖం తిప్పుకుంటుంది. పాదాలు మాత్రం అందరివీ దిగుతాయి. ధబ్, ధబ్ అని నడవా అంతా అడుగుల చప్పుడు. వకుళ చేతులు తేలికవుతూ వస్తాయి. పసుపు గిన్నె అడుగు కనిపించేసరికి ఆమె మోకాళ్ళు నేలకి ఆనడం లేదు. ఆమె గమనించదు.

హాల్లో పేరంటం సాగుతోంది. ఆడవాళ్ళంతా చుట్టాన్ని మధ్యలో కూర్చోబెట్టి చుట్టూ చేరారు. ఎవరూ కేకలు వెయ్యరు.

"ఎంతకాలమైంది బాబూ నిన్ను చూసి," అంటూ మాణిక్యాంబ గారు అతని కుడి చెయ్యి మణికట్టు దగ్గర తుంచి, వాయనం శనగలు కట్టుకున్నట్టు కొంగున ముడేసుకుంటుంది.

"పర్వాలేదండీ," అంటాడు చుట్టం.

ఇంకొకావిడ భుజం తీసుకుంటుంది. మరొకావిడ లాల్చీతో సహా వీపు. "మాకూ కాస్త," అని వెనక ఉన్నవాళ్ళు చేతులు చాస్తారు. అతను చివరి దాకా మర్యాదగానే ఉంటాడు. పెదవులు కూడా ఎవరి కొంగులోకో వెళ్ళాక, లోపలి నుంచి "సెలవు" అని సన్నగా వినిపిస్తుంది. ఎర్ర పెన్ను టక్కుమని నేల మీద పడుతుంది. రెండు కొసల మధ్య ఒక్క చుక్క చోటు మిగిలే ఉంది.

పెన్ను పడేసరికి మిగతావన్నీ పడతాయి. ఈనెలు రాలతాయి. కాఫీ ఉండలు దివాన్ మీద పగులుతాయి. బావగారు పేపరుతో సహా సోఫాలోకి దిగి, "చెప్పి దింపొచ్చు కదా," అని విసుక్కుని చదువుతున్న వార్త దగ్గరికే వెళ్ళిపోతారు. అక్క మెల్లగా, రెండు పాదాలూ ఒకేసారి, నేల మీద నిలబడుతుంది. నడుం చుట్టూ చుక్కలు వాడిపోవడం మొదలైంది. నుదుటి మీద చెమట పట్టి జ్వరం జారిపోతోంది.

"వకుళా!" అని పిలుస్తుంది. "ఎక్కడున్నావే?"

వకుళ ఫ్యాను రెక్కల పక్కన ఉంది. హాయిగా ఉంది. పంచేసింది, చేతులు ఖాళీ. తను తప్పు చేసిందని ఆమెకి తెలుసు, ఎవరైనా అడిగితే వివరంగా చెప్పగలదు కూడా. ఆ తెలియడం నుదుటి దగ్గర ఉంది. అక్కణ్ణుంచి కదలట్లేదు.

"దిగవే. అన్నం తిందువుగాని."

"వస్తున్నా అక్కా," అంటుంది ఆప్యాయంగా. చిరునవ్వు నవ్వుతుంది. రాదు.

అక్క స్టూలెక్కి బొట్టు పెడుతుంది. "వస్తున్నా," అంటుంది వకుళ. అక్క గిన్నెలో మిగిలిన పసుపు గోకి పాదాలకి రాయబోతుంది. అది అంటుకోకుండా గాలిలోకి లేచిపోతుంది. అక్క చేతుల్లో బరువు లేదు. చెల్లెలికి ఆవిడ ఏనాడూ ఏ అన్యాయం చెయ్యలేదు.

అక్క స్టూలు మీంచి ఆడవాళ్ళకేసి తిరుగుతుంది. వాళ్ళు కొంగుముళ్ళు పట్టుకునే, వకుళ తమ గుమ్మాల్లో ఒప్పుకున్నదంతా ఆవిడకి చెప్తారు. తరవాత ఆవిడ దిగి, వకుళ చేతిసంచీ వెతికి, సూదీ ఒక ఖాళీ సీసా తెస్తుంది. మళ్ళీ స్టూలెక్కి చెల్లెలి చెయ్యి పట్టుకుంటుంది.

"చీమ కుట్టినంతే," అంటుంది.

సీసాలోకి రక్తం వస్తుంది.

"దీన్నేం చేస్తావక్కా?"

అక్క సీసాకి మూత బిగిస్తుంది. ఆవిడ జన్మలో చెల్లెలితో అబద్ధం చెప్పి ఎరగదు. "ఏం చెయ్యను. ఊరికే చూస్తాను," అని, వకుళ చూస్తుండగానే సీసాని గుప్పిట్లో పట్టుకుని అన్ని వైపులకీ తిప్పడం మొదలెడుతుంది. కళ్ళమ్మట నీళ్ళు కారుతుంటాయి. స్టూలు కాళ్ళు విరుగుతాయి. ఆవిడ నేల మీద పడి, చీలమండల దాకా, మోకాళ్ళ దాకా, వాడిన చుక్కల దాకా గచ్చులోకి దిగబడుతుంది. పసుపు చెయ్యి పైకెత్తుతుంది. వేళ్ళకి మిగిలిన పసుపు ఇప్పుడు కుదురుగానే ఉంది. కానీ బరువెక్కినకొద్దీ ఆవిడ కిందికి పోతోంది, వకుళ పాదాలు అంతకంతకీ దూరమవుతున్నాయి.

మాణిక్యాంబ గారు మిగతావాళ్ళకేసి చూస్తుంది. ఆడవాళ్ళంతా గోడల వారగా వంగి, చాప ఎత్తినట్టు, నేలని నాలుగంచులా పట్టుకుంటారు. దివానూ సోఫా బావగారూ అన్నిటితో సహా, మధ్యలో నడుం దాకా పాతుకుని ఉన్న అక్కతో సహా, గచ్చు కిరకిరమంటూ పైకి లేస్తుంది. పసుపు పాదాల ఆడవాళ్ళు కింద మట్టి మీద నిలబడి, దాన్ని భుజాల మీదికి, తలల మీదికి ఎత్తుకుంటారు.

అక్క చెయ్యి దగ్గరవుతుంది. వకుళ బొటనవేలికి చల్లగా పసుపు తగులుతుంది. సిగ్గు ముందుగా ఆ వేలికే తెలుస్తుంది.